సీటు దొరికిన తర్వాత: ఒక రసాయనశాస్త్ర శాఖలో గైడ్ల కేటాయింపు, పరికరాల వాడకం, సమానావకాశం

ఈ కేసు తెలుగు నేల మీది ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన రసాయనశాస్త్ర శాఖది. నేను మరో విశ్వవిద్యాలయంలో అదే శాస్త్రం బోధిస్తూ, మా ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ బాధ్యతలు కూడా చూస్తున్నాను. అక్కడి శాఖాధిపతి కోరిక మీద ఏర్పడిన సమీక్షా కమిటీలో బయటి సభ్యురాలిగా పనిచేశాను. శాఖలు చిన్నవి, వాటిలో పరిశోధక విద్యార్థుల సంఖ్య ఇంకా చిన్నది కాబట్టి ఒక సంవత్సరం పేర్కొన్నా, ఒక వర్గంవారు ఎంతమందో చెప్పినా అది ఎవరి సంగతో క్యాంపస్‌లో అందరికీ తెలిసిపోతుంది. అందువల్ల సంవత్సరాలనూ సంఖ్యలనూ వదిలేశాను, కొందరి విషయంలో గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను. సంబంధిత స్కాలర్ల అనుమతి తీసుకున్నాకే రాస్తున్నాను.

నేపథ్యం

శాఖ పాతది, పేరున్నది. మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉండడం వల్ల పీజీ బోధన చాలావరకు కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీద నడుస్తోంది. కానీ యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గైడ్‌గా ఉండగలిగేది రెగ్యులర్ అధ్యాపకులే. అందులోనూ ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి స్కాలర్లను తీసుకోకూడదు. అంటే గైడ్లు కొద్దిమందే, వాళ్లలో నిధులున్న ప్రాజెక్టులు నడుపుతున్నవాళ్లు ఇంకా కొద్దిమంది. ఈ కేసులో తర్వాత వచ్చే ప్రతి విషయానికీ ఈ కొరతే పునాది.

ప్రవేశాల్లో మాత్రం లోటు లేదు. రిజర్వేషన్ సీట్లు రోస్టర్ ప్రకారం నిండుతున్నాయి, వికలాంగులకు 2016 చట్టం చెప్పిన 5 శాతం సీట్లు కూడా ప్రకటనలో ఉంటున్నాయి, అమ్మాయిలు పీజీలో సగం కంటే ఎక్కువే ఉన్నారు. పరిశీలనకు ఎవరు వచ్చినా ప్రవేశాల పట్టిక చూసి సంతృప్తి పడి వెళ్లిపోయేవారు.

సమస్య మా ముందుకు వచ్చిన తీరు

శాఖాధిపతి అడిగిన ప్రశ్న ఇది: గడువులోపల థీసిస్ ఇవ్వలేక పొడిగింపు కోరేవాళ్లలోనూ, మధ్యలో మానేసి ఫార్మా కంపెనీల్లోనో ప్రైవేటు జూనియర్ కళాశాలల్లోనో చేరిపోయేవాళ్లలోనూ అనుబంధ కళాశాలల నుంచి వచ్చిన ఎస్సీ, ఎస్టీ స్కాలర్లూ పెళ్లయిన మహిళలూ ఎందుకు ఎక్కువగా ఉంటున్నారు? ఆయనకు దాని మీద ఒక అభిప్రాయం ఉంది. తెలుగు మీడియంలో చదివి రావడం వల్ల ఇంగ్లిష్ పేపర్లు చదవలేకపోతున్నారనీ, చిన్న కళాశాలల్లో ప్రాక్టికల్స్ సరిగా జరగక బేసిక్స్ గట్టిపడలేదనీ ఆయన భావించారు. చిన్నచూపుతో అన్న మాట కాదది. మార్గం వెతకాలని నిజంగా తపన పడిన మనిషి ఆయన.

కమిటీ వేయడానికి తక్షణ కారణం మరొకటి ఉంది. ఒక స్కాలరు గైడును మార్చమని దరఖాస్తు పెట్టి, వారం తిరగకుండానే వెనక్కి తీసుకున్నారు. దీన్ని ఫిర్యాదుగా తీసుకుని విచారించాలా, లేక శాఖ పద్ధతులను పరిశీలించాలా అన్నది మేము తీసుకోవలసిన మొదటి నిర్ణయం. యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనల కింద ఆ విశ్వవిద్యాలయంలో వివక్ష నిరోధక అధికారి ఉన్నారు కనుక ఫిర్యాదుకు దారి ఉంది. అయినా మేము రెండో మార్గాన్నే ఎంచుకున్నాము. ఫెలోషిప్ కొనసాగింపు పత్రం మీద, ప్రగతి నివేదిక మీద, చివరికి థీసిస్ మీద కూడా సంతకం చేయవలసిన మనిషి గైడు. ఆయన మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేయమని ఒక స్కాలరును అడగడమంటే నాలుగైదేళ్ల శ్రమను పణంగా పెట్టమనడమే. పైగా ఫిర్యాదు రుజువైతే ఒక వ్యక్తికి శిక్ష పడుతుంది, రుజువు కాకపోతే శాఖ నిర్దోషి అయిపోతుంది. మానేసి వెళ్లినవాళ్లందరి కథ ఆ రెండింటిలో దేనిలోనూ ఇమడదు. ఫిర్యాదు చేయదలచినవారికి ఆ దారి తెరిచే ఉంటుందని మాత్రం రాతపూర్వకంగా అందరికీ తెలియజేశాము.

రికార్డులు చెప్పినది

మనుషులతో మాట్లాడేముందు కాగితాలు చూడాలన్నది మా రెండో నిర్ణయం. ముందుగా మాట్లాడితే శాఖలో ఇప్పటికే పాతుకుపోయిన వివరణలనే మళ్లీ వింటాము. శాఖాధిపతి అన్నట్టు లోపం బేసిక్స్‌లోనే ఉంటే తేడా మొట్టమొదట కోర్సు వర్క్ పరీక్షల్లో కనిపించాలి. అందుకని పేర్లు తీసేసిన మార్కుల జాబితాలు తెప్పించి చూశాము. ఇంత చిన్న సంఖ్యలతో గణాంక నిర్ధారణ చేయడం తప్పు కాబట్టి ధోరణి మాత్రమే గమనించాము: రాతపరీక్షల్లో వెనకబాటు ఏ ఒక్క వర్గానికీ పరిమితమై లేదు. తర్వాతి కాలంలో మానేసినవాళ్లలో కోర్సు వర్క్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లున్నారు.

తేడా ఆ తర్వాతి మెట్టు దగ్గర మొదలైంది. గైడ్ల కేటాయింపు మినిట్స్‌లో ప్రతి ఏటా ఒకే వాక్యం ఉంది: ‘కింది స్కాలర్లకు కింది అధ్యాపకులను గైడ్లుగా కేటాయించడమైనది.’ దాని కింద పట్టిక, సంతకాలు. కారణం ఏ సంవత్సరంలోనూ రాయలేదు. పట్టికను స్కాలర్లు పీజీ చదివిన కళాశాలలతో పోల్చి చూస్తే అసలు పద్ధతి బయటపడింది. క్యాంపస్‌లోనే ఎమ్మెస్సీ చేసి, ప్రాజెక్టు పని ద్వారా ఏదో ఒక ల్యాబుకు దగ్గరైన విద్యార్థులకు ప్రవేశ ఇంటర్వ్యూకు ముందే గైడు మాట ఇచ్చేసి ఉంటున్నారు. అనుబంధ కళాశాలల నుంచి వచ్చినవారికి అప్పటికి మిగిలిన ఖాళీలు దక్కుతున్నాయి, ఆ ఖాళీలు ఎక్కువగా రసాయనాలు కొనడానికి కూడా నిధుల్లేని ల్యాబుల్లోనే ఉంటున్నాయి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో ఎక్కువమంది అనుబంధ కళాశాలల నుంచే వస్తున్నారు. ఎవరూ కులం పేరెత్తకుండానే, ఎవరి మనసులోనూ దురుద్దేశం ఉండనక్కరలేకుండానే, రిజర్వేషన్ ద్వారా తెరుచుకున్న తలుపు లోపలి గది దగ్గర మళ్లీ మూసుకుంటోంది.

దురుద్దేశం అసలే లేదని మాత్రం రాయలేను. కొత్తగా చేరినవారిని నలుగురి ముందు ‘ర్యాంకెంత, ఏ కోటా?’ అని అడగడం అక్కడ మామూలు విషయంగా ఉంది. తరగతిలో విద్యార్థి కులాన్ని ప్రకటించడం, రిజర్వుడు వర్గమని ముద్ర వేయడం వివక్ష కిందికే వస్తాయని 2012 నిబంధనలు స్పష్టంగా చెబుతున్న సంగతి మేము మాట్లాడిన అధ్యాపకుల్లో చాలామందికి తెలియదు.

రెండో ఆధారం ఎన్ఎంఆర్ (అణువుల నిర్మాణాన్ని తెలుసుకునే యంత్రం) గదిలో దొరికింది. స్లాట్లను ఒక వాట్సాప్ గ్రూపులో పంచుకుని, తర్వాత ఎప్పుడో రిజిస్టరులో పేర్లు ఎక్కిస్తున్నారు. ఆ గ్రూపులో ఎవరుండాలో సీనియర్ స్కాలర్లే నిర్ణయిస్తున్నారు; కొన్ని ల్యాబులవారికి అలాంటి గ్రూపు ఒకటుందనే తెలియదు. కార్బన్-13 ఐసోటోపు ప్రకృతిలో 1.1 శాతం మాత్రమే ఉంటుంది కాబట్టి, శాంపిల్ తక్కువగా ఉంటే దాని స్పెక్ట్రం రావడానికి గంటలు పడుతుంది. అలాంటి పనులను అందరూ రాత్రికి వేసుకుంటారు. రిజిస్టరు పేజీలు తిప్పుతూ పోతే రాత్రి స్లాట్లలో మహిళల పేర్లు దాదాపు లేవు. అమ్మాయిల హాస్టల్ గేటు అప్పట్లో రాత్రి ఎనిమిదిన్నరకు మూసేవారు. అమ్మాయిలు తమ శాంపిల్ ట్యూబులను ల్యాబులోని మగ స్కాలర్లకు ఇచ్చి వెళ్లడం, తీసిపెట్టినందుకు పేపర్లో వాళ్ల పేరు కూడా చేర్చడం ఆనవాయితీగా మారింది.

మూడోది ఏ రికార్డులోనూ లేదు, ల్యాబులో కూర్చుంటేనే కనబడింది. టీహెచ్ఎఫ్ ద్రావణిని పొడిగా చేయడానికి సోడియం ముక్కలు, బెంజోఫినోన్ వేసి మరిగిస్తారు; ఆ ఏర్పాటునే స్టిల్ అంటారు. ముదురు నీలం రంగు తిరిగాకే అందులో తేమ పోయినట్టు లెక్క. ఆ రంగు వచ్చేదాకా కాపలా ఉండాలి, చల్లటి నీటి ధార ఆగకుండా చూసుకోవాలి, నైట్రోజన్ అయిపోకుండా చూసుకోవాలి. ఒక గిరిజన స్కాలరు రెండు ల్యాబులకు సరిపడా ద్రావణిని రోజూ తయారుచేస్తున్నారు. ‘పొద్దున్నే స్టిల్ నేనే పెడతాను మేడం, అందరూ పట్టుకెళ్లాక నా రియాక్షన్ మొదలయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది’ అని ఆయన ఏ ఫిర్యాదూ లేని గొంతుతో చెప్పారు. ఆ ద్రావణితో జరిగిన పనుల మీద వచ్చిన పేపర్లలో ఆయన పేరు లేదు. ఆయన ప్రగతి నివేదికలో ‘వేగం చాలదు’ అన్న వ్యాఖ్య మాత్రం ఉంది.

ముందు చేసి చూసినవి

మేము రాకముందే శాఖ రెండు ప్రయత్నాలు చేసింది. వాటిని కొట్టిపారేయకుండా అవి ఎక్కడ ఆగిపోయాయో చూడడం అవసరమనిపించింది.

ఒకటి, అవగాహన సదస్సు. బయటినుంచి వక్తను పిలిచి ఒక రోజు నిర్వహించారు. వినవలసినవాళ్లు హాజరుపట్టీలో సంతకం పెట్టి వెళ్లిపోయారు. చివర్లో ‘మీ అనుభవాలు చెప్పండి’ అని దళిత విద్యార్థులను వేదిక మీదికి పిలవడంతో, మాట్లాడినవాళ్లు మర్నాటి నుంచి ల్యాబులో ఒంటరివాళ్లయ్యారు. గాయపడినవాళ్లే దాన్ని నలుగురిలో విప్పి చూపించాలనడం నా దృష్టిలో చాలా పెద్ద అన్యాయం. ఎయిమ్స్‌లో కులవివక్ష మీద థొరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక నుంచి ఇప్పటిదాకా ఈ అనుభవాలు ఎన్నోసార్లు నమోదయ్యాయి. అవి నిజమా కాదా అని ప్రతి శాఖా తన విద్యార్థుల నోట మళ్లీ చెప్పించుకోనక్కరలేదు.

రెండోది, సాయంకాలం ఇంగ్లిష్ తరగతి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల పేర్లతో జాబితా నోటీసుబోర్డులో పెట్టారు. ఆ జాబితాలో పేరుండడమే అవమానమైంది. మొదటి నెలకే హాజరు పడిపోయింది. అలాగని భాష సమస్య కట్టుకథ కాదు. పేపరు చదవడానికి వాళ్లకు ఎక్కువ సమయం పడుతుంది, ప్రశ్న అడగడానికి సంకోచిస్తారు. ఆ ఇబ్బందిని కొందరి లోపంగా వేరుచేసి చూపడం వల్లే ప్రయత్నం విఫలమైంది.

మేము వచ్చాక కమిటీ సూచన మీద మొదలైన మెంటారింగ్ కూడా సగంలో ఆగింది. తమ నేపథ్యం తెలిసిన అధ్యాపకులైతే స్కాలర్లు మనసు విప్పుతారన్న ఆలోచనలో సబబు ఉంది. అయితే శాఖలో ఉన్న ఒక్క దళిత అధ్యాపకుడి మీద, ఇద్దరు అధ్యాపకురాళ్ల మీద మొత్తం భారం పడింది. వాళ్లు అప్పటికే మహిళా సెల్, అంతర్గత కమిటీ, హాస్టల్ వార్డెన్‌షిప్ లాంటి పనులన్నీ మోస్తున్నారు. వాళ్ల సొంత పరిశోధన కుంటుపడితే పదోన్నతిలో వెనకబడేది కూడా వాళ్లే. ఈ పనిని బోధన గంటల్లో లెక్కగట్టేదాకా మెంటారింగ్‌ను నిలిపివేయమని మేమే సిఫార్సు చేశాము.

పనిచేసినవి

కమిటీలో ఒక అవగాహన కుదిరింది. మనుషుల మనసులు మార్చడానికి తరాలు పట్టవచ్చు, కానీ శాఖలో నోటిమాట మీద జరుగుతున్న ప్రతి పంపకాన్నీ కాగితం మీదికి తేవడం ఒక విద్యా సంవత్సరంలో చేయగలిగిన పని. ఎవరికి గైడు, ఎవరికి యంత్రం, ఎవరికి చాకిరీ, ఎవరికి పేపరులో పేరు అన్న నాలుగింటినీ అలా తీసుకున్నాము.

గైడ్ల కేటాయింపు అన్నిటికంటే కష్టమైంది. మెరిట్ వరుసలో ఎంచుకోనివ్వాలని ఒకరన్నారు. ప్రవేశ పరీక్షలో ఒకటి రెండు మార్కుల తేడాతో నిధులున్న ల్యాబులన్నీ ముందువరుసవారికే పోతాయి కాబట్టి అది పాత పద్ధతికి చట్టబద్ధత ఇవ్వడమే అవుతుంది. లాటరీ వేద్దామన్నారు ఇంకొకరు. అలా చేస్తే స్కాలరు ఆసక్తినీ గైడు స్పెషలైజేషన్‌నూ చూడడం కుదరదు. ఒక సీనియర్ ప్రొఫెసర్ అభ్యంతరం మరింత గట్టిది. ‘బ్యూటైల్ లిథియం గాలి తగిలితే అంటుకుంటుంది. చేయి కుదరనివాణ్ణి కమిటీ పంపిందని నా ల్యాబులో పెట్టుకుంటే ప్రమాదానికి ఎవరు జవాబుదారీ?’ అని ఆయన అడిగారు. ఇది తప్పించుకోవడానికి వేసిన ప్రశ్న కాదని నాకు అనిపించింది. చేయి కుదిరిందో లేదో ఆయన ఇప్పటిదాకా తెలుసుకుంటున్నది ఎమ్మెస్సీ ప్రాజెక్టులో; ఆ అవకాశం క్యాంపస్ విద్యార్థులకే ఉంది. అదే అవకాశాన్ని అందరికీ ఇస్తే ఆయన భయమూ తీరుతుంది, మా ఉద్దేశమూ నెరవేరుతుంది.

అందుకని కోర్సు వర్క్ సెమిస్టరులోనే ప్రతి కొత్త స్కాలరూ మూడు ల్యాబుల్లో కొన్నేసి వారాలు పనిచేసే ఏర్పాటు చేశాము. దానికి ముందు భద్రతా శిక్షణ అందరికీ తప్పనిసరి, అందులో మినహాయింపు లేదు. ఆ తర్వాత స్కాలర్లు, గైడ్లు తమ ప్రాధాన్యాలను విడివిడిగా రాసి ఇస్తారు. శాఖ పరిశోధన కమిటీ (డీఆర్‌సీ) వాటిని పక్కపక్కన పెట్టి నిర్ణయిస్తుంది. స్కాలరు కోరిన మొదటి ల్యాబు దక్కకపోతే కారణం మినిట్స్‌లో రాయాలి. ఈ చివరి షరతుకే ఎక్కువ ప్రతిఘటన వచ్చింది, ఎక్కువ ఫలితం కూడా దీనివల్లే కలిగింది. ‘సరిపడడు’ అని నోటితో అనడం సులువు. సంతకం పెట్టవలసిన కాగితం మీద ఆ మాట రాసేముందు ఎందుకు సరిపడడో ఆలోచించవలసి వస్తుంది. అభ్యంతరం చెప్పిన ప్రొఫెసర్ మొదటి విడతలోనే అనుబంధ కళాశాల నుంచి వచ్చిన ఒక దళిత విద్యార్థినిని తానే కోరి తీసుకున్నారు. ఆమె కాలమ్ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే గొట్టం) వేసే తీరు చూసి, ఇంత ఓపికగలవాళ్లు తన ల్యాబులో లేరని మినిట్స్‌లో రాయించారు.

ప్రవేశ ఇంటర్వ్యూ విషయం త్వరగానే తేలింది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం రాతపరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ 30 శాతంలో అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నల చట్రం ఉండేలా, సభ్యులు చర్చకు ముందే విడివిడిగా మార్కులు వేసేలా, ‘గైడును ముందే మాట్లాడుకున్నావా?’ అన్న ప్రశ్న ఎవరూ వేయకుండా చూశాము. తెలుగులో జవాబు చెప్పవచ్చని పిలుపు లేఖలోనే రాశారు.

ఎన్ఎంఆర్ స్లాట్లను వాట్సాప్ నుంచి తీసేసి అందరికీ కనిపించే ఆన్‌లైన్ షీటులో పెట్టారు. రాత్రి సమస్య మీద కమిటీలో రెండు వాదనలు వచ్చాయి. మహిళలకు పగటి స్లాట్లు ప్రత్యేకించాలని కొందరన్నారు. గేటు మూయడమే తప్పు, దాన్ని తీయండి అని స్కాలర్లు అన్నారు. నేను స్కాలర్ల పక్షమే. కానీ గేటు నిర్ణయం శాఖ చేతిలో లేదు. అదే సమయంలో టెక్నీషియన్ ఒక సంగతి చెప్పారు: యంత్రానికి ఆటోశాంప్లర్ ఉంది, నిర్వహణ ఒప్పందం పునరుద్ధరించక మూలన పడింది. దాన్ని బాగుచేయించడంతో సాయంత్రం ఎవరి ట్యూబు వాళ్లే పెట్టి వెళ్తే యంత్రం రాత్రంతా వరుసగా తీసిపెడుతోంది. ఒకరి దయ మీద ఒకరు ఆధారపడే అవసరం పోయింది. గేటు మీద పోరాటం వేరుగా సాగి, తల్లిదండ్రుల ఉత్తరం అడగకుండా గుర్తింపు కార్డు చూపితే పరిశోధక విద్యార్థినులను రాత్రి పదిన్నర దాకా అనుమతించేటట్టు మారింది. అబ్బాయిల హాస్టలుకు గేటు మూసే వేళంటూ ఏదీ లేదు కాబట్టి ఇది సమానత్వం అనిపించుకోదు.

ద్రావణుల తయారీ, గాజుసామాను, సిలిండర్ల పనికి వంతుల పట్టిక వేశారు. గైడుకు ఇష్టులైనవారికి మినహాయింపులు మొదలు కాకుండా పట్టికను ఆఫీసు సూపరింటెండెంట్ చేతికి అప్పగించారు. కొత్త పని మొదలుపెట్టేటప్పుడే ఎవరి పాత్ర ఏమిటో, పేపరులో ఎవరి పేరుంటుందో ఒక పేజీలో రాసుకోవాలన్న నియమం కొన్ని ల్యాబుల్లోనే అమలవుతోంది.

ఇంగ్లిష్ తరగతి స్థానంలో వారానికొక జర్నల్ క్లబ్ వచ్చింది. స్లైడ్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి, చర్చ ఏ భాషలోనైనా సాగవచ్చు. వంతు అందరిదీ, క్యాంపస్ విద్యార్థులదీ. ఒక సమావేశంలో నేనూ ఉన్నాను. విట్టిగ్ చర్యలో స్థిరత్వం లేని యిలైడ్ వాడితే జెడ్ ఐసోమరే ఎందుకు ప్రధానంగా వస్తుందన్న ప్రశ్నకు, అంతవరకూ గదిలో గొంతెత్తని ఒక స్కాలరు బోర్డు దగ్గరికి వెళ్లి, నాలుగు సభ్యుల వలయం గీసి, ఏ గుంపు ఏ గుంపుకు అడ్డొస్తుందో తెలుగులో విడమరిచి చెప్పింది. ‘మళ్లీ ఒకసారి చెప్పమ్మా’ అని శాఖాధిపతి నోటుపుస్తకం తెరిచారు. ఆ రోజు తర్వాత బేసిక్స్ గురించి ఆయన ఆ మాట మళ్లీ అనలేదు.

మిగతా మార్పులు చిన్నవి కానీ వెంటనే జరిగాయి. కాలి వైకల్యం ఉన్న ఒక స్కాలరు లిఫ్టు లేని పై అంతస్తులో పనిచేస్తుంటే ఆయన బెంచీని కిందికి మార్చి, ఎత్తు తగ్గించారు. మహిళలకు పీహెచ్‌డీ గడువు రెండేళ్లు అదనంగా ఉంటుందని, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు తీసుకోవచ్చని ఆఫీసు గుమాస్తాలకే తెలియకపోవడంతో ఆ నిబంధనలను తెలుగులో రాసి గోడకు అంటించారు. సెలవు అడిగితే ఫెలోషిప్ పోతుందన్న భయంతో గర్భవతినని దాచి ద్రావణుల మధ్య పనిచేసిన ఒకరి ఉదంతం వినడం వల్లే ఆ కాగితం గోడ మీదికి వచ్చింది.

నేర్చుకున్నవి, మిగిలినవి

మరో శాఖకు ఇలాంటి పని మీద వెళితే నేను ప్రవేశాల పట్టిక కంటే ముందు మూడు కాగితాలు అడుగుతాను: గైడ్ల కేటాయింపు మినిట్స్, ప్రధాన యంత్రం రిజిస్టరు, ప్రగతి నివేదికలపై వ్యాఖ్యలు. శాఖ తన గురించి చెప్పుకునే మాటకూ ఈ మూడింటికీ మధ్య ఉన్న దూరంలోనే పని మొదలవుతుంది. మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2020లో గతి పథకం కింద సంస్థల స్వీయ మదింపును మొదలుపెట్టింది. భౌతికశాస్త్రవేత్తలు 2019లో హైదరాబాద్ చార్టర్ రూపొందించుకున్నారు. అలాంటి పత్రాలు సంస్థల స్థాయిలో దిశ చూపుతాయి. కులం, ప్రాంతం, భాష, లింగం కలగలిసి ఒకే మనిషి మీద పడే చోట, టీహెచ్ఎఫ్ స్టిల్ ఎవరు పెడుతున్నారో అడిగే కమిటీ శాఖలోనే ఉండాలి.

కొన్ని విషయాల్లో మేము ఏమీ చేయలేకపోయాము. మానేసి వెళ్లినవారికి తిరిగి రమ్మని లేఖలు రాస్తే ఒకరే వచ్చారు. దరఖాస్తు వెనక్కి తీసుకున్న స్కాలరు అదే గైడు దగ్గర కొనసాగుతున్నారు. ఆ నిర్ణయం వారిది. ఒక అధ్యాపకుడు కొత్త పద్ధతి నచ్చక స్కాలర్లను తీసుకోవడం ఆపేయడంతో ఖాళీలు ఇంకా తగ్గాయి. పోస్టులు నింపకుండా, ఉన్న కొద్దిమంది గైడ్లను న్యాయంగా పంచడానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దును దాటడం శాఖ వల్ల కాదు.

గైడుతో పరిచయానికి దారి అసలు ఎమ్మెస్సీలోనే తెరుచుకుంటోంది కాబట్టి, అనుబంధ కళాశాలల రెండో సంవత్సరం విద్యార్థులకు వేసవిలో క్యాంపస్ ల్యాబుల్లో ప్రాజెక్టు చేసే వీలు కల్పించాలని ప్రతిపాదన పంపాము. హాస్టల్ వసతి, భోజనం ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర ఆ ఫైలు ఆగి ఉంది. సెలవుల్లో ఖాళీగా ఉండే గదుల జాబితాను, పూర్వ విద్యార్థుల సంఘం భోజనానికి ఇస్తామన్న మొత్తాన్ని జతచేసి, వచ్చే అకడమిక్ కౌన్సిల్ సమావేశానికి దాన్ని మళ్లీ పంపుతున్నాము.